తలుపు దిక్కుకు తిరిగిన చెప్పులు

దెయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలా. మిమ్మల్ని నమ్మమని కూడా చెప్పను. ఇది రాసేది అందుకు కాదు. ఉదయగిరిలో ఈ సంగతి పది నోళ్లలో పడి పది రకాలుగా తయారైంది. నేను పరాయి దేశంలో మూర్ఛొచ్చి పడిపోయినానని ఒకరంటే, దెయ్యం నా జుట్టు పట్టుకోని లాగిందని ఇంకొకరు. నా జుట్టు నా నెత్తినే ఉండాది. జరిగింది జరిగినట్టు ఒకసారి రాసి పెడితే నా పీడ వదుల్తాదని రాస్తా ఉండాను.

నా పేరు సువార్త. ఉదయగిరిలో రక్తపరీక్షలు చేసే ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ముప్పై ఏడేళ్లు. పెళ్లి చేసుకోలా, చేసుకోవాలని అనిపించలా, ఆ ముచ్చట అంతటితో సరి. రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి, మైక్రోస్కోప్‌లో కనిపించింది రాయడం, కనిపించంది రాయకపోవడం నా పని. పదిహేనేళ్లుగా అదే చేస్తా ఉండాను. ఇక్కడా అదే చేస్తాను.

సెలవులు కలిసొచ్చినప్పుడు ఒక్కదాన్నే దేశం దాటి పోయొస్తాను. నేపాల్ చూసినాను, శ్రీలంక చూసినాను. అక్కడ హాస్టళ్లలో దిగుతాను. ఒక గదిలో ఆరో ఎనిమిదో మంచాలు, మంచం మీద మంచం, స్నానాల గది అందరికీ ఒకటే. మా ల్యాబ్‌లో వాళ్లు నవ్వుతారు. "ఆరేళ్లు గవర్నమెంటు హాస్టల్లో నీళ్ల చారు తాగి పెరిగినావు కదే, మళ్లీ విమానం ఎక్కి పోయి హాస్టల్లోనే పడుకుంటావా? నీకేమన్నా పిచ్చా?" అంటారు. పిచ్చే అనుకోండి. ఖాళీ గదిలో నాకు నిద్ర పట్టదు. పక్కన ఎవరో ఒకరు గురక పెడతా ఉంటేనే పడతాది.

"ఎవురితో పోతావు?" అని అడగని మనిషి లేడు. "నాతోనే నేను పోతా" అంటాను. దానికి మొహం ముడుచుకునేవాళ్లని చాలామందిని చూసినాను. ముడుచుకోనీ.

ఆ చిన్నప్పటి హాస్టల్ గురించి కొంచెం చెప్పాలి. అది చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

అప్పట్లో ఆత్మకూరులో ఉండిన ఒక ఆడపిల్లల హాస్టల్ అది. ఇప్పుడు ఆ బిల్డింగే లేదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ పోయింది. నాయన లారీ క్లీనరు. మర్రిపాడు, బద్వేలు రోడ్డు మీదే ఆయన బతుకంతా. ఏడాది తిరక్కుండా మర్రిపాడులో ఇంకో ఆమెను చేసుకున్నాడు. నన్ను చెయ్యి పట్టుకోని తీసకపోయి ఆత్మకూరులో అయిదో తరగతిలో చేర్పించింది మా అవ్వ, అంటే నాయన తల్లి. హాస్టల్ రిజిస్టర్లో నా పేరు పక్కన అవ్వ ఫోటో అంటించి, వేలిముద్ర వేయించినారు. ఆ ఫోటోలో ఉండే మనిషి వస్తేనే పిల్లను పంపుతారు. ఆడపిల్లల హాస్టల్ కదా, రూలు గట్టిగా ఉండేది.

రాత్రిళ్లు నలభై మందిమి ఒకే హాల్లో చాపలేసుకోని వరసగా పడుకునేవాళ్లం. కాళ్ల కాడ చెప్పులు, గోడ దిక్కు తిప్పి విడిచేవాళ్లం. సెలవులిచ్చిన రోజు అమ్మానాయనలు మొదటి బస్సుకే గేటు కాడికి వచ్చేసేవాళ్లు. ఒక్కో పిల్లను పేరు పెట్టి పిలిస్తే నలభై మందీ లేచి గేటు మీద పడతారు. అందుకని మాకు వంట చేసే కోటమ్మ ఆయమ్మ ఒక పద్ధతి పెట్టింది. ఎవురి వాళ్లు వచ్చినారో ఆ పిల్ల చెప్పులు చప్పుడు కాకుండా తలుపు దిక్కుకు తిప్పి పోయేది.

కళ్లు తెరవంగానే కాళ్ల దిక్కు చూసుకోవాలి. చెప్పులు తలుపు దిక్కుకు తిరిగి ఉంటే నీకోసం మనిషి వచ్చినట్టు. పెట్టె ఎత్తుకోని పరిగెత్తడమే. గోడ దిక్కే ఉంటే ఇంకా ఎవురూ రాలేదని మళ్లీ దుప్పటి కప్పుకోవాలి.

మొదటి ఏడాది అవ్వ వచ్చింది. ఎండాకాలం సెలవుల్లో అవ్వ చచ్చిపోయింది. ఆ తర్వాత అయిదేళ్లు నా చెప్పులు ఎవురూ తిప్పలా. మధ్యాహ్నానికి హాలంతా ఖాళీ అయ్యేది. అందరి చాపలూ చుట్టేసి ఉండేవి, నాదొక్కటే పరిచి ఉండేది. కోటమ్మ ఆయమ్మ తన పూచీ మీద నన్ను చేజర్లలో వాళ్లింటికి తీసకపోయేది. వాళ్ల పిల్లలతోపాటు నాకూ ఒక కంచం పెట్టేది.

నాయన మీద నాకు కోపం ఆ హాల్లోనే పుట్టింది. మర్రిపాడు ఏమన్నా లండనా? ఆయన లారీ మా హాస్టల్ ముందు రోడ్డు మీదే పోయేది. ఆరేళ్ల కిందట ఆయన పోయినాడని ఫోన్ చేసి చెప్తే, "సరే" అని పెట్టేసినాను. సమాధి కాడికి పోలా, పిడికెడు మన్ను వేయలా. దానికి ఏడవలా, ఎవురికీ సంజాయిషీ ఇయ్యలా.

ఇప్పుడు అసలు సంగతి.

ఈ ఏడు గుడ్ ఫ్రైడే, శనివారం, ఈస్టర్ వరసగా మూడు రోజులు ల్యాబ్ మూసినారు. మలేషియాలో పెనాంగ్ పోదామని టికెట్ తీసినాను. మా పాస్టరు గారి భార్య రోడ్డు మీద ఆపి, "ఈస్టర్ పూట చర్చి ఎగ్గొట్టి షికార్లా సువార్తా?" అనింది. "దేవుడు అక్కడ కూడా ఉంటాడు కదమ్మగారూ" అన్నాను.

చెన్నైలో ఎక్కి శుక్రవారం మధ్యాహ్నానికి హాస్టల్ చేరినాను. పాతకాలపు రెండంతస్తుల ఇల్లు, చెక్క మెట్లు. ముందు వరండాలో ఒక చెక్క బెంచీ. లోపలికి రాంగానే కౌంటరు. కౌంటర్లో యాభై దాటిన తమిళామె, పేరు సెల్వి. నాకు చెన్నై తమిళం కొంచెం వస్తాది కాబట్టి మంచిగా మాట్లాడింది. పాస్‌పోర్టు చూసి రాసుకుని, గోడ మీద రూల్సు చూపించింది. గుర్తింపు కార్డు లేనోళ్లు మెట్లెక్కకూడదు. పిల్లల్ని తీసుకు రాకూడదు.

మాది పైన ఆడవాళ్ల గది. ఆరు మంచాలు. తలుపు కార్డు పెడితేనే తెరుచుకుంటాది. ఆ రోజు ముగ్గురమే ఉండాము: నేను, కిటికీ పక్కన అరవయ్యేళ్ల జర్మన్ ఆమె, ఎదురు మంచంలో ఫిలిప్పీన్స్ అమ్మాయి. నాది కింది మంచం.

నాకొక అలవాటు ఉండాది. చెప్పుకుంటే సిగ్గు, అయినా చెప్పాల్సిందే. ఈనాటికీ పడుకునే ముందు చెప్పులు గోడ దిక్కు తిప్పి విడుస్తాను. లేవంగానే మొదట వాటినే చూస్తాను. గాడిదలాగా పెరిగినాను, అయినా చూస్తాను.

శనివారం తెల్లారి లేచి చూస్తే చెప్పులు తలుపు దిక్కుకు తిరిగి ఉండాయి.

అబద్ధమెందుకు, ఒక్క క్షణం పదకొండేళ్ల పిల్లనైపోయి పెట్టె కోసం తడుముకున్నాను. తర్వాత నామీద నాకే నవ్వొచ్చింది. ఎవురి కాలో తగిలుంటాది, ఊడ్చేవాళ్లు జరిపుంటారు అనుకున్నాను. అయితే కాలు తగిలితే చెప్పులు చెల్లాచెదరవుతాయి. ఇవి మడమలు సమానంగా, జత విడకుండా, పద్ధతిగా పెట్టి ఉండాయి. ఊడ్చే మనిషి పదింటికి గాని రాలా.

ఆ రోజు ఊరంతా తిరిగి వచ్చినాను. ఫిలిప్పీన్స్ అమ్మాయి మధ్యాహ్నమే గది ఖాళీ చేసి వెళ్లిపోయింది. మిగిలింది నేను, జర్మన్ ఆమె. పడుకునే ముందు చెప్పులు గోడ దిక్కు పెట్టి ఫోన్‌తో ఫోటో తీసినాను. ల్యాబ్ బుద్ధి ఎక్కడికి పోతాది?

ఆదివారం, అంటే ఈస్టర్ రోజు, తెలతెల్లవారతా ఉండంగా లేచినాను. చెప్పులు మళ్లీ తలుపు దిక్కే. మళ్లీ ఫోటో తీసినాను. ఆ రెండు ఫోటోలూ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉండాయి. వాటితో ఏదీ రుజువు కాదని నాకూ తెలుసు. జర్మన్ ఆమెను లేపి అడిగితే, చెవుల్లో దూది తీసి, "నీ చెప్పులు నేనెందుకు తిప్పుతాను?" అన్నట్టు నా మొహం చూసింది. నిజమే, ఆమెకేం పని?

అప్పుడు భయం వేయలా నాకు. ఒళ్లు మండింది. ఎన్ని తెల్లవారుజాములు ఆ చెప్పుల దిక్కు చూసి చూసి దుప్పటి ముసుగేసుకున్నానో నాకు తెలుసు. అప్పుడు తిరగనివి ఇప్పుడు తిరిగితే ఎవురిక్కావాలి? "వచ్చేది లేదు, పో. ఇప్పుడా తిప్పేది?" అని పైకే అనేసి, చెప్పుల్ని గోడ దిక్కుకు తిప్పి పడేసినాను. ఎవురితో అన్నానో నాకే తెలీదు. జర్మన్ ఆమె మళ్లీ దూది పెట్టుకునింది.

కాసేపటికి వేరే చెప్పులేసుకోని టీ కోసం కిందికి దిగినాను. సెల్వి నన్ను చూడంగానే కళ్లజోడు పైకి తోసి, "ఏమ్మా, నువ్వు పిల్లను కూడా తెచ్చుకున్నావా? ఇక్కడ పిల్లల్ని ఉంచకూడదని చెప్పినాను కదా" అనింది.

"ఏ పిల్ల?" అన్నాను.

ఆమె చెప్పింది ఇది. నిన్న తెల్లారి ఒక మనిషి వచ్చినాడంట. నేను ఆమెకి కనపడేలోపల ఇవాళ కూడా వచ్చినాడంట. సన్నగా, కాకీ చొక్కా, భుజాన తువ్వాలు. మాట్లాడేది తమిళం కాదు గాని తమిళంలో కలిసే మాటలు కొన్ని ఉన్నాయంట. "సువార్త, సువార్త" అంటా నడుము కాడికి చెయ్యి పెట్టి, ఇంత పిల్ల అని చూపించినాడంట. సెల్వి పుస్తకం తిరగేస్తే ఆ పేరు నాదొక్కటే ఉండాది. ఇక్కడ పిల్లలెవురూ లేరని చెప్తే మెట్ల దిక్కు వచ్చినాడంట. పాస్‌పోర్టో ఏదో ఒక కార్డో చూపించమని ఆమె ఆపింది. జేబులన్నీ తడుముకున్నాడు. ఏమీ లేదు. పోయి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు.

"పాపం, చెప్పు తెగిపోయి పిన్నీసు పెట్టుకోనున్నాడు. మంచినీళ్లు ఇద్దామని పోయేలోపల లేడు. రెండు రోజులూ అంతే" అనింది సెల్వి.

వరండాలోకి పరిగెత్తినాను. బెంచీ ఖాళీ. రోడ్డు మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసినాను. ఎవురూ లేరు.

మా నాయన కాకీ చొక్కా వేసేవాడు. లారీల మీద పనిచేసే వాళ్లందరూ వేస్తారు. ఆ ఊళ్లో తెలుగు కూలీలు ఎంతమంది లేరు, ఎవురో బిడ్డ కోసం వెతుక్కుంటా వచ్చుంటాడు, పేరు కలిసుంటాది అని నాకు నేనే చెప్పుకున్నాను. కెమెరా ఉండాది కదా చూపించమని సెల్విని అడిగినాను. పాపం, చూపించింది. అందులో ఆమె కౌంటర్లో నిలబడి తలుపు దిక్కు చూసి మాట్లాడతా ఉండాది, చెయ్యి అడ్డం పెట్టి ఆపతా ఉండాది. తలుపు కాడ ఎవురుండేది ఆ కెమెరాకి అందలా. అది కౌంటరు కోసం పెట్టిన కెమెరా.

మూట సర్దుకోని అప్పుడే పారిపోయి ఉంటానని మీరు అనుకుంటారు. పోలా. కొండ మీదికి రైలు పోతాదంటే ఎక్కినాను, పైన నూడుల్స్ తిన్నాను, సాయంత్రం విమానానికి టయానికి పోయినాను. భయపడి మూల కూర్చునేదాన్నైతే అంత దూరం వచ్చేదాన్నే కాదు.

ఉదయగిరి వచ్చినాక మా ఇంటి ఓనరమ్మకి నోరు జారి చెప్పినాను. అదే నేను చేసిన తప్పు. తెల్లారేసరికి ఊరంతా తెలిసిపోయింది. ఓనరమ్మ తాయెత్తు కట్టించుకోమనింది. పాస్టరు గారి భార్య ప్రార్థన పెట్టిస్తాననింది. ల్యాబ్‌లో వాళ్లైతే, "ఆడది ఒక్కతే తిరిగితే ఇట్లాంటివే వెంటపడతాయి, ఇంక చాలించు" అని తీర్పు చెప్పేసినారు. ఒక్కరు కూడా ఎట్లుండావని అడగలా. నన్ను ఇంట్లో కూర్చోబెట్టేదానికి అందరికీ ఒక సాకు దొరికింది, అంతే.

ఆ వచ్చే ఆదివారం చేజర్లకి పోయినాను, కోటమ్మ ఆయమ్మను చూసేదానికి. ఆమెకి ఇప్పుడు డెబ్బై దాటినాయి. కళ్లకి ఆపరేషన్ అయింది. అరుగు మీద కూర్చోని గోంగూర వలుస్తా ఉండాది. నేను కూడా ఒక కట్ట తీసుకోని వలుస్తా, "ఆయమ్మా, పరాయి దేశం హాస్టల్లో నా చెప్పులు తలుపు దిక్కుకు తిరిగినాయి. రెండు రోజులు" అని నవ్వతా చెప్పినాను. అంతే చెప్పినాను. బెంచీ సంగతి, మనిషి సంగతి ఎత్తలా. ఉదయగిరి కబుర్లు చేజర్ల దాకా పోలేదని ఆమె మొహం చూస్తేనే తెలిసింది.

ఆయమ్మ చేతులు ఆగిపోయినాయి.

"నీకొక మాట దాచినానమ్మా. చెప్పకుండానే పోదామనుకున్నా. మీ నాయన వచ్చినాడు" అనింది.

"యాడికి?" అన్నాను.

"హాస్టల్‌కే. నువ్వు ఆరో తరగతి. దసరా సెలవులు. మొదటి బస్సుకే వచ్చినాడు. నేను సంబరపడి పోయి నీ చెప్పులు తిప్పినాను. ఈలోపల వార్డెనమ్మ రిజిస్టర్ తీసింది. అందులో మీ అవ్వ ఫోటో ఉండాది గాని ఈయన మొహం లేదు. కార్డు ఏదన్నా చూపించమనింది. జేబులన్నీ తడుముకున్నాడు. ఏముంటాది ఆ మనిషి కాడ? 'నా బిడ్డమ్మా, ఇంత ఉంటాది' అని చెయ్యి పెట్టి చూపించినాడు." ఆయమ్మ చెయ్యి గాల్లో నడుమెత్తున ఆగింది. "పంపలా. ఆడపిల్లల వ్యవహారం, ఆమెను కూడా తప్పు పట్టలేము. ఇంక నేను లోపలికి పోయి, నువ్వు లేవకముందే నీ చెప్పులు మళ్లీ గోడ దిక్కుకు తిప్పేసినాను."

ఆయన గేటు బయట బెంచీ మీద కూర్చున్నాడంట. నన్ను చూస్తే గోల చేస్తాడని, నేను చూస్తే ఏడుస్తానని, ఆయమ్మ ఆ రోజు నన్ను వంటింటి తలుపులో నుంచి బయటికి తీసకపోయింది. వంటింటి గుండా పోయింది నాకు గుర్తుండాది. పొయ్యి కాడ బొగ్గు అంటుకోని నా గౌను మాసింది. దానికే ఏడ్చినాను కూడా.

"చెప్పచ్చు కదా ఆయమ్మా! ఇన్నేళ్లు! వచ్చినాడని ఒక్క ముక్క చెప్పచ్చు కదా!" అని అరిచినాను. ఆమె మీద నేను గొంతు లేపింది అదొక్కసారే.

"కాయితం రాయించుకోని రేపే వస్తానన్నాడమ్మా. వచ్చినాక చెప్దామనుకున్నా."

"వచ్చినాడా?"

"రాలా."

మళ్లీ తనే అనింది. "చెప్పు కూడా తెగిపోయి ఉండాది ఆ మనిషికి. నా గాజుకుండే పిన్నీసు తీసి నేనే ఇచ్చినాను. అది పెట్టుకోనే కూర్చోనుండాడు."

గోంగూర కట్ట నా చేతిలో నలిగిపోయింది. సెల్వి చెప్పిన మాటలు అప్పుడు ఆయమ్మకి చెప్పినాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోని కూర్చుండిపోయింది.

తిరుగు బస్సులో ఏడ్చినాను. కండక్టర్ టికెట్ ఇచ్చి పక్కకి తిరిగి నిలబడినాడు. ఏడుపు ఎందుకంటే సరిగ్గా చెప్పలేను. ఎవురూ రాలేదనే కదా నేను ఇట్లా మొండిగా తయారైంది! వచ్చినాడంట. ఒక్కసారి. ఆ ఒక్క కాయితం రాయించుకునేదానికి ఆయనకి బతుకంతా చాల్లేదా? ఆ కోపం ఇప్పటికీ తగ్గలా, తగ్గిందని చెప్పి మంచిదాన్ననిపించుకోను. కోపం పక్కన ఇంకోటి కూడా వచ్చి కూర్చునింది, అంతే. దానికి పేరేం పెట్టాలో తెలీదు.

సరే, లెక్క ప్రకారం చూద్దాము. చెప్పులు ఎవురైనా తిప్పి ఉండచ్చు, ఒప్పుకుంటాను. పెనాంగ్‌లో కాకీ చొక్కాలకి కరువు లేదు, అదీ ఒప్పుకుంటాను. తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకునేవాళ్లు లోకంలో ఇంకా ఉంటారు. అయితే నా పేరు చెప్పి, నడుమెత్తు పిల్లను అడిగి, కార్డు లేక బెంచీ మీద కూర్చున్న మనిషి ఎవురు? ఆయమ్మ దాచిపెట్టిన సంగతి, నాకే తెలీంది, సముద్రం అవతల ఉండే సెల్వికి ఎట్లా తెలిసింది? గాజుపలక మీద పెట్టి ఎన్నిసార్లు చూసినా నాకు అంతుబట్టలా. దెయ్యమని మాత్రం ఒప్పుకోను. మరి ఏందంటే, తెలీదు. రిపోర్టులో ఆ గడి ఖాళీగానే వదిలినాను.

దసరాకి మళ్లీ పోయినాను. వియత్నాం. ఒక్కదాన్నే. తాయెత్తు కట్టుకోలా. ఓనరమ్మ గేటు కాడ నిలబడి దండం పెట్టింది.

హాస్టల్ కౌంటర్లో ఆమె నా పాస్‌పోర్టు చూసి తాళంకార్డు ఇస్తా, ఇంకేమన్నా కావాలా అని అడిగింది. ఒకటి కావాలని చెప్పినాను. నాకొచ్చిన ఇంగ్లీషులో మెల్లగా, ఒక్కో మాట అర్థమయ్యేటట్టు చెప్పినాను.

"తెల్లారి ఒక మనిషి వస్తే రావచ్చు. సన్నగా ఉంటాడు, చెప్పుకి పిన్నీసు ఉంటాది. నా పేరే చెప్తాడు గాని చిన్నపిల్లను అడుగుతాడు. ఆయన్ని కార్డు అడగొద్దు. బెంచీ మీద కూర్చోబెట్టొద్దు. లోపల కుర్చీ వేసి, పైకొచ్చి నన్ను లేపండి. ఆయనతో నేను పోను. కానీ నన్ను లేపండి."